అగ్రిమెంటు మీద ఎవరి పేరు?

భూమి అమ్ముతానని కాగితం రాసి, అడ్వాన్సు తీసుకుని, తీరా రిజిస్ట్రేషన్ నాటికి మొహం చాటేసినవాణ్ణి ఏం చేయగలం? పెద్దమనుషులను పిలిస్తే "డబ్బు వడ్డీతో ఇప్పిస్తాం, ఊరుకోండి" అంటారు. చట్టం అంతకంటే ఎక్కువే ఇస్తుంది. డబ్బు వద్దు, ఒప్పుకున్న భూమే ఇప్పించమని కోర్టును అడగవచ్చు. డిక్రీ వచ్చాక కూడా అమ్మినవాడు సంతకం పెట్టకపోతే, కోర్టే అతని తరఫున దస్తావేజు రాయించి రిజిస్టరు చేయిస్తుంది. దీన్ని వకీళ్లు స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావా అంటారు. ఒప్పుకున్న పనిని ఒప్పుకున్నట్టే చేయించడమని దాని అర్థం. 1877 నాటి బ్రిటిష్ చట్టం స్థానంలో 1963లో వచ్చిన స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఈ హక్కునిస్తోంది.

ఈ చట్టం ఆడవాళ్లకొక రకంగా, మగవాళ్లకొక రకంగా రాయలేదు. దాని కంటికి కనిపించేది కొన్నవారు, అమ్మినవారు మాత్రమే. అయినా ఇది ఆడవాళ్లకు అందడం కష్టం, ఆడవాళ్ల మీద పడటం సులువు. ఎందుకంటే ఇక్కడ గెలుపోటములు కోర్టులో కంటే ముందే, కాగితం రాసుకునే రోజునే చాలావరకు తేలిపోతాయి. ఆ రోజు ఆడవాళ్లు ఆ చోట ఉండరు. ఉన్నా, వేలిముద్ర వేయడానికి మాత్రమే ఉంటారు. కాబట్టి న్యాయ సహాయం కోర్టు గుమ్మం దగ్గర కాదు, ఆ కాగితం దగ్గర మొదలుకావాలి. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇదే.

వజ్రకరూరు సంగతే తీసుకుందాం. తొలకరి పడితే ఎక్కడెక్కడి జనమో వచ్చి చేలల్లో వజ్రాల కోసం వెతుకుతారని ఈ ఊరికి పేరు. కాని ఇక్కడ కాపురముండేవాళ్ల బతుకు వజ్రాల మీద లేదు. వేరుశనగ మీద ఉంది, దానికి కావలసిన వాన మీద ఉంది. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ అదునుకు పడుతుందన్న నమ్మకం లేదు. వాన తప్పిన ఏడు అప్పు. అప్పు ముదిరిన ఏడు చేను అమ్మకం.

ఇలాంటి మెట్టను ఒకప్పుడు అడిగేవాడు తక్కువ. తర్వాత రోజులు మారాయి. 2012లో హంద్రీ-నీవా ద్వారా కృష్ణా నీళ్లు జీడిపల్లి రిజర్వాయరుకు చేరాయి. ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప ప్రాంతాల్లో గాలిమరలు లేచాయి. కాలువ వస్తుందన్నా, కంపెనీ వస్తుందన్నా దళారీలు ముందే దిగుతారు. కాగితం రాసిన రోజుకూ రిజిస్ట్రేషన్‌కూ మధ్య ఆరు నెలలో, ఏడాదో గడువు పెట్టుకోవడం మన ఊళ్లలో మామూలే. ఆ మధ్యలో ధర పెరిగితే అమ్మినవాడి మనసు మారుతుంది. ధర పెరిగే చోట మాట తప్పడమూ పెరుగుతుంది.

కొన్నవైపు ఆడమనిషి ఉంటే

ఒక ఇంటి సంగతి ఊహించుకుందాం. ఇల్లాలు గాజులు తాకట్టు పెట్టింది. పొదుపు సంఘంలో అప్పు తెచ్చింది. పుట్టింటివాళ్లిచ్చిన ఆవును అమ్మింది. రెండెకరాలకు అడ్వాన్సు కట్టారు. కాగితం మీద "కొన్నవారు" అన్న చోట మాత్రం భర్త పేరొక్కటే. "మొగుడి పేరున ఉంటే నీ పేరున ఉన్నట్టు కాదా?" అంటారు. కాదు. ఒప్పందం అమలు చేయమని అడిగే హక్కు ఒప్పందంలో ఉన్నవారిది. భర్త చనిపోతే వారసురాలిగా ఆమె దావా వేయవచ్చు. అతను బతికుండి ఆమెను వదిలేస్తే, అమ్మినవాడితో మాట్లాడుకుని కాగితం రద్దు చేసుకుని డబ్బు జేబులో వేసుకుంటే, ఆమె ఏమని దావా వేస్తుంది? గాజులు ఆమెవేనని ఊరందరికీ తెలుసు. కాగితానికి తెలియదు.

పేరున్నా సరిపోదు. ఈ దావాలో కొన్నవారు ఒకటి రుజువు చేయాలి. మిగతా డబ్బు కట్టి రిజిస్టరు చేయించుకోవడానికి మొదటినుంచీ సిద్ధంగా ఉన్నామని, ఆ స్తోమత, ఆ ఉద్దేశం రెండూ ఉన్నాయని చూపించాలి. ఇక్కడే చాలామంది ఓడిపోతారు. ఆడవాళ్ల డబ్బు ఎక్కడుంటుంది? చీటీలో, బియ్యం డబ్బాలో, అక్క దగ్గర దాచిన నోట్లలో. అది డబ్బే, కాని కోర్టు కంటికి కనబడదు. బ్యాంకు పుస్తకంలో ఉన్నది కనబడుతుంది. గడువులోగా "డబ్బు సిద్ధంగా ఉంది, వచ్చి రిజిస్టరు చేయండి" అని పంపిన రిజిస్టరు పోస్టు నోటీసు కనబడుతుంది. వాకిట్లో పదిసార్లు అడిగింది కనబడదు.

మూడోది కాలం. గడువు తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి. తేదీ లేకపోతే, అవతలివాడు కుదరదన్న సంగతి తెలిసిన రోజు నుంచి మూడేళ్లు. మూడేళ్లు ఉన్నాయి కదా అని చివరిదాకా కూర్చోవడమూ ప్రమాదమే. 1964లో సుప్రీంకోర్టులో జస్టిస్ కోకా సుబ్బారావు, సత్యనారాయణ – ఎల్లోజీరావు కేసులో, గడువులోపల వేసిన దావాను ఆలస్యం అన్న ఒక్క కారణంతో కొట్టేయకూడదన్నారు. 1997లో అదే కోర్టులో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, విద్యానాదం – వైరవన్ కేసులో, ఆరు నెలల గడువు పెట్టుకుని రెండున్నరేళ్లు నోరు మెదపని కొనుగోలుదారుకు ఈ ఉపశమనం నిరాకరించారు. ధరలు ఎగబాకే రోజుల్లో కోర్టు కళ్లు మూసుకుని ఉండలేదన్నారు. ఇద్దరూ తెలుగువాళ్లే, ఇద్దరి మాటా గుర్తుంచుకోవాలి. మన ఊళ్లలో ఆడవాళ్లకు ఈ కాలమంతా ఎలా గడుస్తుంది? మొదటి ఏడాది పంచాయితీలో, రెండో ఏడాది "పంట వస్తే చూద్దాం" అనడంలో, మూడో ఏడాది వకీలు ఫీజుకు డబ్బు వెతకడంలో.

నాలుగోది సాక్ష్యం. "ఆడది కోర్టుకెందుకు, నేను పోయి చెబుతాను" అని భర్తో, తమ్ముడో పవర్ ఆఫ్ అటార్నీ తీసుకుంటాడు. జానకీ వాష్‌దేవ్ భోజ్వానీ కేసులో 2004లో సుప్రీంకోర్టు, ఆమెకు మాత్రమే తెలిసిన విషయాల గురించి ఆమె బదులు పవరు ఉన్నవాడు సాక్ష్యం చెప్పడం చెల్లదంది. 2010లో మాన్ కౌర్ కేసులో ఈ సూత్రాన్నే స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావాకు వర్తింపజేసింది. కొనడానికి సిద్ధంగా ఉన్నాననేది కొన్న మనిషి మనసుకు సంబంధించిన సంగతి కాబట్టి సాధారణంగా ఆ మనిషే బోనెక్కాలి. వ్యవహారమంతా నడిపినది పవరు ఉన్నవాడే అయితే కొన్ని మినహాయింపులున్నాయి గాని, వాటిని నమ్ముకుని ఇంట్లో కూర్చోవడం తెలివైన పని కాదు. మర్యాద పేరుతో ఆడవాళ్లను కోర్టుకు దూరం పెట్టడం కేసును చేజేతులా పోగొట్టుకోవడమే.

ఇక స్వాధీనం సంగతి. కాగితం రాసుకున్న రోజే చేను అప్పగించడం, ఆ ఏడే దున్నుకోవడం మనకు అలవాటు. చేను చేతిలో ఉంది కాబట్టి భయం లేదనుకుంటాం. 2001 సెప్టెంబరులో చట్టం మారింది. అప్పటినుంచి స్వాధీనాన్ని కాపాడుకునే రక్షణ కావాలంటే ఆ ఒప్పందం రిజిస్టరై ఉండాలి. పైగా మన రాష్ట్రంలో స్వాధీనం ఇచ్చినట్టు రాసిన అగ్రిమెంటుకు అమ్మకపు దస్తావేజుకు పడినంత స్టాంపు సుంకం పడుతుంది. వంద రూపాయల కాగితం మీద రాసుకున్నది కోర్టులో చూపిస్తే, లోటు సుంకం, దాని మీద పది రెట్ల జరిమానా కట్టేదాకా సాక్ష్యంగా తీసుకోరు. రిజిస్టరు కాని ఒప్పందాన్ని ఈ దావాలో రుజువుగా చూపించవచ్చు, అది నిజమే. కాని స్టాంపు లోటును మాత్రం తప్పించుకోలేం. ఈ జరిమానా మాట విని మధ్యలోనే దావా వదిలేస్తే, మిగిలేది అడ్వాన్సు పోయిందన్న బాధే.

అమ్మినవైపు ఆడమనిషి ఉంటే

ఇంతవరకూ చెప్పింది ఒక పక్క. కరువు సీమలో రెండో పక్క కూడా ఉంది. దాన్ని గురించి మాట్లాడుకోకపోతే ఈ చట్టాన్ని సగమే చూసినట్టు.

అప్పిచ్చేవాళ్లందరూ ప్రోనోటుతో తృప్తిపడరు. కొందరు భూమి అమ్ముతానని అగ్రిమెంటు రాయించుకుంటారు. అసలు ఇచ్చింది అప్పు, కాగితం మీద అడ్వాన్సు. "ఊరికే నమ్మకానికమ్మా, తీర్చేస్తే చింపేస్తాను" అంటాడు. భర్త పోయి, పిల్లలతో మిగిలిన మనిషి వేలిముద్ర వేస్తుంది. వడ్డీ కట్టలేకపోతే ఆ కాగితమే దావాగా మారి వస్తుంది. అప్పు వసూలు దావా అయితే అసలూ వడ్డీ కట్టుకుంటే పోతుంది. ఈ దావాలో చేనే పోతుంది.

2018కి ముందు ఇలాంటి చోట ఆమెకొక ఆసరా ఉండేది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 20వ సెక్షను ప్రకారం ఒప్పందం అమలు చేయించాలా వద్దా అన్నది జడ్జి విచక్షణ. ధర తక్కువన్న ఒక్క కారణం అప్పుడూ చాలేది కాదు. కాని కొన్నవారు అన్యాయంగా పైచేయి సంపాదించినట్టు కనబడితే, అమలు చేస్తే అమ్మినవారికి ముందు ఊహించని కష్టం కలిగేలా ఉంటే, జడ్జి భూమి బదులు డబ్బు ఇప్పించి సరిపెట్టగలిగేవాడు. 2018 సవరణ ఆ విచక్షణను తీసేసింది. ఆ ఏడు అక్టోబరు 1 నుంచి, చట్టంలోనే చెప్పిన కొన్ని అడ్డంకులు లేకపోతే కోర్టు ఒప్పందాన్ని అమలు చేసి తీరాలి. వ్యాపార ఒప్పందాలకు, రోడ్లు, కరెంటు వంటి పెద్ద ప్రాజెక్టులకు భరోసా కావాలన్నది ఈ సవరణ వెనక ఉన్న ఆలోచన. ఆ నియమమే వజ్రకరూరులో వితంతువు వేసిన వేలిముద్రకు కూడా వర్తిస్తుంది.

సవరణ వల్ల పేద కొనుగోలుదారుకు మేలు లేదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. గాజులు తాకట్టు పెట్టి కొన్న ఆ ఇల్లాలి పేరే కాగితం మీద ఉంటే, జడ్జి మనసు ఎటు మొగ్గుతుందో అన్న భయం ఇప్పుడు తగ్గింది. అది చిన్న లాభం కాదు. పాత విచక్షణంతా మళ్లీ తెమ్మని మనం అడగనక్కర్లేదు. అయితే నిజమైన కొనుగోలుకూ, కొనుగోలు వేషం వేసుకున్న అప్పుకూ తేడా చూసే బాధ్యత చట్టం కోర్టు మీద పెట్టాలి. అడ్వాన్సు ఎంత, గడువు ఎంత, చేను ఎవరి సాగులో ఉంది, కొన్నవాడు అప్పులిచ్చేవాడా అన్నవి జడ్జి తనంతట తాను అడగాలి. చదువురాని మనిషి రాసిన కాగితమైతే, చదివి వినిపించిన రుజువు అవతలివాడే తేవాలి. ఈ మేరకు చట్టం మార్చాలని మహిళా సంఘాలు అడగాలి.

అంతవరకూ ఆమెకు దారే లేదా? ఉంది. గంగాబాయి – ఛబూబాయి కేసులో, 1982లో అచ్చయిన తీర్పులో, సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. కాగితం మీద అమ్మకమని రాసి ఉన్నా, అది అమలు కోసం రాసుకున్నది కాదని, అసలు లావాదేవీ వేరని నోటి సాక్ష్యంతో చూపించవచ్చంది. ఆ కేసులో అప్పు తీసుకుని దస్తావేజు రాసిచ్చినదీ ఆడమనిషే, గెలిచిందీ ఆమే. ఒత్తిడితో, మోసంతో రాయించుకున్న ఒప్పందాన్ని కాంట్రాక్టు చట్టం కింద ఎదిరించే హక్కు 2018 తర్వాతా ఉంది. కాని ఆ హక్కు వాడుకోవాలంటే సమను రాగానే వకీలు కావాలి. జవాబు వేయకుండా కూర్చుంటే ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది. సమను కాగితం దూలంలో దోపి "అతనితో మాట్లాడుకుందాంలే" అనుకున్న ఇళ్లలో జరిగేది ఇదే.

సంతకం అడగని కూతుళ్లు

కొన్నవైపూ, అమ్మినవైపూ కాక మూడోవైపు కూడా ఒక ఆడమనిషి ఉంటుంది. ఉమ్మడి ఆస్తిలో కూతురు. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు మన రాష్ట్రం కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో కేంద్ర సవరణ పెళ్లితో నిమిత్తం లేకుండా అందరికీ ఇచ్చింది. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కు పుట్టుకతో వచ్చేదని, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని తేల్చింది. అయినా అగ్రిమెంటు మీద తండ్రి, కొడుకులు సంతకం పెడతారు. కూతుళ్లను రిజిస్ట్రేషన్ నాడు పిలిచి చీర పెట్టి సంతకం తీసుకోవచ్చులే అనుకుంటారు.

ఆ కూతురు సంతకం పెట్టనంటే అందరూ ఆమెను తప్పుపడతారు. కొన్నవాడు దావా వేస్తే, అందులో తనను చేర్చుకోమని ఆమె అడిగినా కోర్టు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పందంతో సంబంధం లేకుండా సొంత హక్కు చెప్పుకునేవారు ఈ దావాలో అవసరమైన పార్టీలు కారని 2005లో కస్తూరి కేసులో సుప్రీంకోర్టు అంది. ఆమె విడిగా భాగపంపకాల దావా వేసుకోవాలి. కొనేవాళ్లు కూడా ఇది గమనించాలి. కూతుళ్ల సంతకం లేని అగ్రిమెంటు సగం గోడ లేని ఇల్లు. ఎవరి డబ్బుతో కొంటున్నా, ఆ ఇంటి ఆడపిల్లల సంతకాలు ముందే అడగడం మర్యాదే కాదు, జాగ్రత్త కూడా.

డి-పట్టా భూముల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డు భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. అలాంటి ఒప్పందాన్ని ఏ కోర్టూ అమలు చేయించదు. ఇరవై ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకు కొన్ని షరతులతో మినహాయింపు ఇస్తూ 2023లో సవరణ వచ్చింది. అయినా ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు.

సహాయం ఎక్కడ, ఎప్పుడు?

"ఇదంతా డబ్బున్నవాళ్ల వ్యవహారం, కోర్టు ఫీజే కట్టలేం" అంటారు. నిజమే, ఈ దావాకు ఫీజు మొత్తం అమ్మకపు ధర మీద లెక్కకడతారు. అడ్వాన్సు మీద కాదు. కాని 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉన్న న్యాయసేవల చట్టం, ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఇచ్చింది. వకీలుతో పాటు కోర్టు ఖర్చులూ ఇందులో ఉంటాయి. అనంతపురంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. తాలూకా స్థాయి కోర్టుల దగ్గర మండల కమిటీలుంటాయి. 15100కు ఫోను చేసినా దారి చూపిస్తారు. ఇది దయ కాదు. దరఖాస్తు పెట్టేటప్పుడు బతిమాలుకోనక్కర్లేదు.

అయితే ఈ సంస్థలు ఇప్పటికీ దావా పడిన తర్వాతే ఎక్కువగా గుర్తొస్తాయి. అప్పటికి పేరు రాయాల్సిన చోట రాయలేదు, పంపాల్సిన నోటీసు పంపలేదు. మంచి వకీలు దొరికినా లేని పేరును కాగితం మీదికి తేలేడు. గ్రామాల్లో పనిచేయడానికి పారాలీగల్ వాలంటీర్ల పథకం 2009లో వచ్చింది. ఆ వాలంటీర్లు కూర్చోవాల్సింది సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల దగ్గర, దస్తావేజు లేఖరుల అరుగుల దగ్గర, పొదుపు సంఘాల మీటింగుల్లో. వాలంటీర్లలో ఆడవాళ్లు ఉండాలి.

లోక్ అదాలత్‌లో రాజీ చేసుకుంటే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది, వ్యవహారం త్వరగా తేలుతుంది. కాని ఆ అవార్డు మీద అప్పీలు లేదు. "సరేననవమ్మా" అని పక్కనుంచి తొందరపెడితే సరేనన్న మాట జన్మంతా కట్టిపడేస్తుంది. రాజీ కాగితం చదివి వినిపించమని అడగాలి. అర్థం కాకపోతే వాయిదా అడగాలి.

ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా మన సంఘాలు రేపటినుంచే చేయగలిగిన పనులున్నాయి. అగ్రిమెంటు రాసే ముందు ప్రతి సభ్యురాలూ ఇవి అడిగేలా చూడాలి:

1. నా డబ్బు పెడుతున్నప్పుడు నా పేరు ఉందా? భర్తతో కలిపి అయినా సరే.

2. సర్వే నంబరు, హద్దులు, మొత్తం ధర, ఇచ్చిన అడ్వాన్సు, గడువు తేదీ స్పష్టంగా రాశారా? ఈసీ, 1-బి, పాసుపుస్తకం చూశామా?

3. అమ్మేవారి ఇంటి కూతుళ్లు సంతకం పెట్టారా?

4. డబ్బు బ్యాంకు ద్వారా ఇస్తున్నామా? స్టాంపు సరిగా ఉందా? అగ్రిమెంటును రిజిస్టరు చేయిస్తే ఖర్చవుతుంది, కాని అది ఈసీలో కనబడుతుంది. తర్వాత కొన్న మరొకడు "నాకు తెలియదు" అనలేడు.

5. గడువు లోపలే నోటీసు పంపామా? దావా వేస్తే భూమితో పాటు స్వాధీనం, అది రాకపోతే అడ్వాన్సు వాపసు కూడా అందులోనే అడిగామా? వేరేవాళ్లకు అమ్మకుండా ఇంజంక్షను కోరామా?

6. అప్పు తీసుకుంటుంటే, రాసేది ప్రోనోటా, అగ్రిమెంటా? అగ్రిమెంటయితే వేలిముద్ర వేయవద్దు.

ఆరోది అన్నిటికంటే కష్టం. ఇంట్లో గింజలు లేని రోజున, పిల్లకు జ్వరం వచ్చిన రోజున "వేయను" అనడం ఒంటరి మనిషికి సాధ్యం కాదు. ఆ పూటకు కావలసిన డబ్బు సంఘం సర్దగలిగితేనే ఆమె ఆ మాట అనగలదు. అందుకే అప్పు విషయాన్నీ, కాగితం విషయాన్నీ విడదీసి చూడలేం. పొదుపు సంఘాలు వాయిదాలు వసూలు చేసుకోవడంతో ఆగిపోకుండా, సభ్యురాలి భూమి మీద ఏ కాగితం రాస్తున్నా ముందు నలుగురిలో చదివించే పద్ధతి పెట్టుకోవాలి. సంఘంలో చదువుకున్న ఒక్క అమ్మాయి చాలు. చదివాక కూడా సందేహముంటే ఆ కాగితం ఒక రోజు ఆగనివ్వాలి. నిజంగా కొనేవాడైతే ఒక రోజు ఆగుతాడు. ఆగనంటే ఎందుకు ఆగలేడో అక్కడే అడగాలి.